చెవిని చూచు తీరు, ముక్కును చూచు తీరు

రేడియో ఉన్న ప్రతి యింటిలోను, వైద్యుడు రాకమునుపే చెవుల సంగతి చెప్పగల చిన్న సాధనమొకటి కలదు. అది ధ్వనిని హెచ్చించి తగ్గించు మర. ఇంటిల్లిపాదియు హాయిగా వినుచున్న కార్యక్రమమును ఒకరు మాత్రము నిత్యము వచ్చి రెండింతలు హెచ్చించుచున్నచో, వారికి సంగీతముపై మక్కువ పెరిగినదని తలపరాదు. వినికిడి తగ్గినదేమో అని అనుమానింపవలెను. రేడియో అలమరలోని పెట్టెయైనను, చేతిలోని ఫోనైనను ఈ మాట నిజమే. మా వృత్తి యంతయు శ్రోతల చెవులపై ఆధారపడినది. కావున ఆ చెవులను గూర్చియు, వాని పొరుగున ఉన్న ముక్కును గూర్చియు నాలుగు మాటలు చెప్పుట మా విధిలోనిదే అని తలచి ఈ ప్రసంగమునకు పూనుకొన్నాము.

మొన్నటి వానకాలమున పుప్పాలగూడలో ఒక మిత్రుని యింటికి పోయితిమి. హైదరాబాదు నగరమునకు పడమట, మణికొండకు, నార్సింగికి, ఖాజాగూడకు నడుమ ఉన్న ఊరది. ఒకప్పుడు రాతి గుట్టలు, పొలములు గల పల్లె. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప సాఫ్ట్‌వేరు కంపెనీలు క్రమముగా పడమటి దిక్కునకు విస్తరించినవి. 2008లో గచ్చిబౌలి నుండి శంషాబాదునకు పోవు ఔటర్ రింగు రోడ్డు భాగము తెరచిరి. నేడు ఆ ప్రాంతమున మెడ వంచి చూచిన గాని కొస కనబడని మేడలు లేచినవి. మేడ లేవవలెనన్న ముందు పునాది తీయవలెను. పునాది తీయవలెనన్న రాతిని పగులగొట్టవలెను. అక్కడి రాయి సామాన్యమైనది కాదు. సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు. పగటి పూట ఏ వీధిన నిలిచినను, ఏదో ఒక మూల రాతిని తొలుచు యంత్రపు మోత వినబడుచునే యుండును.

మిత్రుని తండ్రిగారు ఎనుబదికి చేరువైనవారు. నల్లగొండ జిల్లా పల్లె నుండి వచ్చి కొడుకు వద్ద ఉన్నారు. ఉదయపు వార్తలు ఆయనకు ప్రాణము. ఆయన వార్తలు వినునపుడు పై అంతస్తువారికి గూడ ఆ వార్తలు తెలియును. “మామయ్యా, కొంచెం తగ్గించండి” అని కోడలు చెప్పినచో, ఆమె ముఖము చూచి నవ్వి తల ఊపుదురే గాని తగ్గింపరు. వయసుతో వచ్చిన చాదస్తమని ఇంటిలో తీర్మానమైనది. మిత్రుడు అమెరికా వేళలననుసరించి పొద్దుపోవు వరకు హెడ్‌ఫోను తగిలించుకొని పనిచేయును. పండుకొన్న తరువాత చెవిలో కీచురాయి కూయుచున్నట్లున్నదని చెప్పెను. ఏడేండ్ల కుమారునికి పాఠమునందు ధ్యాస లేదని బడి నుండి చీటి వచ్చియున్నది. మేమక్కడ ఉండగనే, ఎదుటి స్థలమున రాతి పని చేయు యువకుడొకడు కాపలాదారు గదికి మంచినీళ్ళకై వచ్చెను. అతని కుడి చెవిలో దూది ఉన్నది. దూది నుండి దుర్వాసన వచ్చుచున్నది. చిన్ననాటి నుండి కారుచున్నదనియు, అది తనకు అలవాటైనదనియు అతడు తేలికగా చెప్పెను.

నలుగురు మనుష్యులు, నాలుగు తీరుల బాధలు. ఆ నలుగురిలో ఏ ఒక్కరి చెవిలోనికిని అంతవరకు ఎవరును దీపము పెట్టి చూడలేదు. చాదస్తమనిరి, అలసట అనిరి, అల్లరి అనిరి, అలవాటు అనిరి. చూచినవారు మాత్రము లేరు. తరువాతి ఆదివారము మిత్రుడు ఆ నలుగురికిని తెలిసిన చెవి, ముక్కు, గొంతు వైద్యునితో పరీక్ష చేయించెను. మేమును వెంట ఉంటిమి. ఆ వైద్యుడు చూచిన తీరును, చూచుచు మాకు వివరించిన సంగతులను ఇచట విన్నవించుచున్నాము.

ముందు చెవి నిర్మాణమును కొంత తెలిసికొనవలెను. చెవి యనగా బయటికి కనబడు దొప్ప మాత్రమే కాదు. దొప్ప నుండి లోనికి పోవు గొట్టము పెద్దవారిలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుండును. దాని కొసన పలుచని పొర బిగించియున్నది, అదియే కర్ణభేరి. భేరి వెనుక గాలితో నిండిన చిన్న గది కలదు. దానిలో సుత్తి, దాగలి, అంకవన్నె అను మూడు ఎముకలు ఒకదానికొకటి తగిలియున్నవి. మన దేహములోని ఎముకలన్నిటిలోను చిన్నది ఈ అంకవన్నెయే. దాని పొడవు మూడు మిల్లీమీటర్లకు మించి అంతగా ఉండదు. ఆ వెనుక నత్తగుల్లవలె చుట్టుకొన్న లోపలి చెవి కలదు. భేరి కదలిక ఎముకల గుండ ఆ గుల్లకు చేరును. గుల్లలోని సన్నని రోమకణములు దానిని విద్యుత్సంకేతముగా మార్చి నరము ద్వారా మెదడునకు పంపును.

ఇక ముక్కు ప్రసక్తి యేల? చెవి నడిమి గదికి, ముక్కు వెనుకటి భాగమునకు నడుమ సన్నని నాళమొకటి కలదు. 16వ శతాబ్దమున దానిని వర్ణించిన ఇటలీ దేశపు వైద్యుడు యుస్టాకి పేరిట దానిని యుస్టేషియన్ నాళమని పిలుతురు. మనము గుటక వేసినపుడు, ఆవులించినపుడు అది తెరచుకొని, భేరికి ఇరువైపుల గాలి ఒత్తిడిని సమముగా ఉంచును. విమానము దిగునపుడు చెవులు దిబ్బడ పడుటయు, గుటక వేయగనే విడుటయు అందరు ఎరిగినదే. పసిపిల్లలలో ఈ నాళము పొట్టిగాను, ఇంచుమించు అడ్డముగాను ఉండును. ముక్కులోని పడిశము సులభముగా చెవికి ప్రాకును. సాయంకాలము తుమ్ముచుండిన బిడ్డ అర్ధరాత్రి చెవిపోటుతో కెవ్వుమనుటకు కారణమిదియే. కావుననే ముక్కును చూడక చెవిని మాత్రము చూచుట సగము పరీక్షయే యగును. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రమున కర్ణ రోగములు 28 అనియు, నాసా రోగములు 31 అనియు లెక్కించి, ఒకదాని వెంట ఒకటి వివరింపబడియుండుట మనము గుర్తు చేసికొనదగినది.

పరీక్ష ఎట్లు జరుగును? వైద్యుడు మొదట దీపము ముట్టలేదు; ప్రశ్నలు వేసెను. ఏ చెవి? ఎన్నాళ్ళ నుండి? నొప్పియా, కారుటయా, వినబడకుండుటయా, హోరా, తల తిరుగుటయా? కారునది నీరు వలెనా, తీగలుగా సాగునా, వాసన కలదా? ముక్కు దిబ్బడ, నోటితో ఊపిరి పీల్చుట, రాత్రి గురక ఉన్నవా? ఏయే మందులు వాడిరి? క్షయ వ్యాధికిచ్చు స్ట్రెప్టోమైసిన్ వంటి కొన్ని మందులు లోపలి చెవికి హాని చేయగలవు గనుక ఈ ప్రశ్న ముఖ్యమైనది. సగము రోగనిర్ణయము ఈ ప్రశ్నలలోనే తేలునని ఆయన అనెను.

పిదప బాగున్న చెవిని ముందు, బాధ గల చెవిని తరువాత చూచెను. నొప్పి లేని చెవిని ముందు ముట్టినచో రోగికి, ముఖ్యముగా పిల్లలకు, భయము తగ్గును. సహజమైన రూపమేదో వైద్యునికి తెలియును. ఒక చెవి చీము రెండవ చెవికి అంటదు. దొప్ప ముందును వెనుకను చూచి, చెవి వెనుక ఎముకపై మెల్లగా నొక్కెను. అక్కడ వాపు, నొప్పి ఉన్నచో లోపలి చీము ఎముకలోనికి పోయినదేమో అని శంకింపవలెను. చెవి రంధ్రమునకు ముందున్న చిన్న మెత్తని బొడిపెను నొక్కగా రోగి అబ్బా అన్నచో, బాధ సాధారణముగా బయటి గొట్టమునందే యున్నదని గ్రహింపవచ్చును.

చెవి గొట్టము నిటారుగా ఉండదు, వంపు తిరిగియుండును. పెద్దవారిలో దొప్పను పైకి వెనుకకు లాగినచో ఆ వంపు సరియగును. పసిపిల్లలలో క్రిందికి వెనుకకు లాగవలెను. 1855లో జర్మనీ దేశపు వైద్యుడు ఫాన్ ట్రోల్ష్ నడుమ రంధ్రము గల అద్దముతో వెలుతురును చెవిలోనికి మరలించి చూచు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. అట్టి అద్దమును నుదుటికి కట్టుకొన్న డాక్టరు బొమ్మను మనమందరము చూచినవారమే. ఇప్పుడు చేతిలో ఇముడు ఓటోస్కోపు వచ్చినది. దీపము, భూతద్దము, చిన్న గరాటు అన్నియు అందే కలవు. దానిని పట్టిన చేతి చిటికెన వ్రేలిని వైద్యుడు రోగి చెంపకు ఆనించి యుంచును. బిడ్డ ఉలికిపడి కదలినను, చేయియు తలతో పాటు కదలును గనుక గరాటు గ్రుచ్చుకొనదు. ఆరోగ్యముగా ఉన్న భేరి ముత్యపు వన్నె గలిగి, కొంత పారదర్శకముగా ఉండును. సుత్తి పిడి దానిపై గీతవలె కనబడును. దీపపు కాంతి భేరి ముందరి క్రింది భాగమున ముక్కోణముగా మెరయును. ఆ మెరుపు చెదరినను, భేరి ఎఱ్ఱబడినను, ఉబ్బినను, లోనికి గుంజుకొనిపోయినను, చిల్లి పడినను, అది వ్యాధికి గుర్తు.

తరువాత వైద్యుడు రెండు కాళ్ళ ఉక్కు శ్రుతిదండమును మ్రోగించెను. సెకనుకు 512 మారులు కంపించునది. దానిని ముందు చెవి వెనుక ఎముకపై ఆనించి, పిదప చెవి ఎదుట పట్టి, ఏది గట్టిగా వినబడుచున్నదని అడిగెను. గాలి ద్వారా వచ్చు ధ్వని గట్టిగా ఉండుట సహజము. ఎముక ద్వారా వచ్చునది గట్టిగా ఉన్నచో గొట్టములోనో, భేరి యందో, చిన్న ఎముకల యందో అడ్డు కలదన్నమాట. పిదప దానిని నుదుటి నడుమ ఆనించి ధ్వని ఏ వైపునకు పోవుచున్నదని అడిగెను. అడ్డు గల చెవి వైపునకు పోవును. నరము దెబ్బతిన్నచో బాగున్న చెవి వైపునకు పోవును. రినె, వెబర్ అను జర్మనీ శాస్త్రజ్ఞుల పేర నడచు ఈ పరీక్షలు 19వ శతాబ్దము నాటివి. అయినను ఇప్పటికిని ప్రతి వైద్యశాలలో ఉపయోగపడుచున్నవి. వినికిడి ఎంత తగ్గినదో లెక్కగా తెలియుటకు ఆడియోమీటరు పరీక్ష కావలెను.

ముక్కును చూచుట ఇంతకన్న సులభము. వైద్యుడు బొటనవ్రేలితో ముక్కు కొనను పైకి ఎత్తి లోనికి చూచెను. చల్లని ఉక్కు పలకను ముక్కు క్రింద పట్టి ఊపిరి విడువుమనెను. రెండు వైపుల ఆవిరి మచ్చ సమముగా పడినచో రెండు ద్వారములు తెరచియున్నవి. ఒకవైపు పడకున్నచో అటు అడ్డు కలదు. పిదప చిన్న సాధనముతో ముక్కు రంధ్రమును విప్పి, నడిమి గోడ వంకరగా ఉన్నదా, ప్రక్క గోడల నుండి వచ్చు వంపు పొరలు వాచి యున్నవా అని చూచెను. దుమ్ము పడనివారిలో ఆ పొరలు పాలిపోయి ఉబ్బియుండును. పునాదుల దుమ్ము ఎడతెగక లేచు ప్రాంతములలో ఈ బాధ తరచుగా కనబడునని ఆయన చెప్పెను. కొందరికి ద్రాక్షపండు వంటి మెత్తని కండ పెరిగియుండును. సాధనముతో తాకినను దానికి నొప్పి తెలియదు. పసివానికి ఒక ముక్కు నుండి మాత్రమే దుర్వాసనతో చీమిడి కారుచున్నచో అది పడిశము కాదు. శనగగింజయో, పూసయో, నురుగు ముక్కయో లోపల ఇరుకుకొన్నదని తలచి వెంటనే చూపవలెను.

ఇక సాధారణముగా కనబడు చెవి వ్యాధులను ఒక్కొక్కదానిని చూతము. మొదటిది గుబిలి. దీనిని గులిమి యనియు అందురు. ఇది మురికి కాదు. చెవి గొట్టమును కాపాడు పూత. తనంతట తానే మెల్లగా వెలుపలికి వచ్చును. అగ్గిపుల్లతో, తలపిన్నీసుతో, తాళపుచెవితో, దూది చుట్టిన పుల్లతో తీయబోయినచో సగము వచ్చి సగము లోనికి పోయి బిరడావలె బిగియును. స్నానము చేసినపుడు ఆ బిరడా ఉబ్బి ఒక్కసారిగా చెవి మూసికొనును. దీనికి మెత్తపరచు చుక్కలు, వైద్యుడు చేయు శుద్ధి చాలును. వీధులలో తిరిగి గుబిలి తీయువారి చేతికి చెవిని అప్పగించుట ప్రమాదము.

రెండవది గొట్టపు వాపు. చెవిలో నీరు నిలుచుట, గోకుట దీనికి మూలములు. పల్లెలో చెరువు ఈతలోను, నేటి మేడల నడుమ ఈతకొలనులలోను ఇది ఒకే తీరుగా వచ్చును. దొప్పను కదపిన చాలు, ప్రాణము పోయినంత నొప్పి కలుగును. వానకాలమున బూజు పట్టుట గూడ సామాన్యము. దురద మెండుగా ఉండును. చూచినచో తడిసిన కాగితపు ముద్దవలె, దానిపై నల్లని చుక్కలతో కనబడును. తోచిన చుక్కల మందును వాడుచు పోయినచో బూజు తగ్గకపోగా కొన్ని మారులు పెరుగును.

మూడవది నడిమి చెవిలో హఠాత్తుగా పట్టు చీము. పడిశము తరువాత జ్వరము, రాత్రివేళ పోటు, పసిబిడ్డ చెవి పట్టుకొని ఏడ్చుట దీని లక్షణములు. భేరి ఎఱ్ఱగా ఉబ్బియుండును. కొన్ని మారులు భేరి చిట్లి చీము వెలువడును. వెంటనే నొప్పి తగ్గును. నొప్పి తగ్గినది గనుక జబ్బు తగ్గినదని తల్లిదండ్రులు పొరబడుదురు. చిల్లి పూర్తిగా మానినదో లేదో చూపించుకొనుట అప్పుడే ఆవశ్యకము.

చిల్లి మానకున్నచో అది నాలుగవదియైన దీర్ఘకాలపు చీము చెవి యగును. ఇందు రెండు రకములున్నవి. ఈ భేదమును ఇంటింట తెలిసికొనవలెను. ఒకదానిలో చిల్లి భేరి నడుమ ఉండును. పడిశము పట్టినప్పుడెల్ల తీగలుగా సాగు స్రావము విస్తారముగా కారును, వాసన ఉండదు. ఇది వినికిడిని తగ్గించునే గాని ప్రాణమునకు సాధారణముగా ముప్పు తేదు. రెండవ రకములో చిల్లి భేరి పై అంచుననో, ప్రక్క అంచుననో ఉండును. చర్మపు పొర లోనికి ప్రాకి ముద్దగా పెరిగి ఎముకను తినివేయును. కారునది కొద్దిగానే యుండును, కాని కుళ్ళు వాసన కొట్టును. కొన్ని మారులు నెత్తురు జీర కనబడును. నొప్పి ఉండకపోవచ్చును. ఇదియే మోసము. ఎముకను దాటినచో ముఖము ఒకవైపు వంకర పోవుట, తల తిరుగుట, చివరకు మెదడునకు చీము ప్రాకుట గూడ జరుగవచ్చును. కొద్దిగా కారుచున్నదే గదా అని ఊరకుండువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను: చెవి చీములో కొలత కన్న వాసన ముఖ్యము.

అయిదవది నొప్పి లేని నీటి చెవి. ముక్కు వెనుక గ్రంథులు పెరిగిన పిల్లలలో నాళము మూసికొని, భేరి వెనుక జిగురు నీరు నిలుచును. బిడ్డకు నొప్పి ఉండదు, జ్వరముండదు. మాట సగమే వినబడును. నోరు తెరచి నిద్రించును, టీవీకి దగ్గరగా జరుగును, పిలిచిన పలుకడు. బడిలో మొద్దు అను బిరుదు వచ్చును. “చెవిటివాని ముందు శంఖమూదినట్లు” అని మనము సామెతలు చెప్పి నవ్వుదుమే గాని, ఆ చెవిలో ఏమున్నదో చూడము. ఇదే నీరు పెద్దవారిలో ఒక చెవిలో మాత్రము నిలిచి తగ్గకున్నచో, ముక్కు వెనుక గడ్డ ఏదియు లేదని తప్పక చూపించుకొనవలెను.

ఆరవది ధ్వని చేత కలుగు చెవుడు. సామాన్య సంభాషణ 60 డెసిబెల్సు ప్రాంతమున ఉండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మేరకు 80 డెసిబెల్సు ధ్వనిని వారమునకు 40 గంటల వరకు వినవచ్చును. అదే 90 అయినచో వారమునకు నాలుగు గంటలే. రాయి తొలుచు యంత్రము దగ్గర నిలిచినవానికి ధ్వని 100 కూడ దాటవచ్చును. హెచ్చు ధ్వనికి లోపలి చెవిలోని రోమకణములు వంగి, కొంత కాలమునకు నశించును. నశించిన కణము మనుష్యులలో మరల పుట్టదు. దానిని మొలిపించు మందు నేటికిని లేదు. మొదట పోవునవి సన్నని ధ్వనులు. హోరు తరచుగా మొదటి హెచ్చరిక. మన దేశమున 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగటి పరిమితి 55 డెసిబెల్సు, రాత్రి 45. పౌరులు ఈ అంకెలను తెలిసికొనియుండుట మేలు.

వయసు వలన వచ్చు చెవుడు మనకందరకు తెలిసినదే. కాని తెలియవలసినది మరియొకటి కలదు. ఒక ఉదయము నిద్ర లేచునప్పటికి ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినచో దానిని గుబిలి అనుకొని వారములు గడపరాదు. లోపలి చెవి నరము దెబ్బతినియుండవచ్చును. మొదటి కొద్ది దినములలోనే మందు పడినచో తిరిగి వినబడుటకు అవకాశము హెచ్చు. ఆలస్యమైన కొలది ఆశ తగ్గును.

ఇంటిలో చేయరాని పనులు కొన్ని కలవు. వెచ్చని నూనె, వెల్లుల్లి రసము చెవిలో పోయుట మన ఇండ్లలో పాత అలవాటు. భేరికి చిల్లి ఉన్నచో ఆ నూనె నేరుగా నడిమి గదిలోనికి పోవును. చిల్లి ఉన్నదో లేదో పోయువారికి తెలియదు. పురుగు దూరి గిలగిల కొట్టుకొనుచున్నప్పుడు మాత్రము, అంతకుముందు చెవి కారిన చరిత్ర లేనిచో, రెండు చుక్కల వంటనూనె వేసి పురుగును చంపి పిదప వైద్యునికి చూపవచ్చును. గింజ దూరినచో నీరు పోయరాదు, ఉబ్బి బిగిసికొనును. చేతి గడియారములలోను, ఆటబొమ్మలలోను ఉండు గుండీ వంటి బ్యాటరీ చెవిలోనో, ముక్కులోనో దూరినచో క్షణమైన ఆగరాదు. రెండు గంటలలోనే లోపలి కండను కాల్చగలదు. బిడ్డకు పడిశము పట్టినపుడు రెండు ముక్కులు మూసి బలముగా చీదించరాదు. ఒక్కొక్క వైపు మెల్లగా చీదించవలెను. చీము కారు చెవిని స్నానము వేళ వాసెలైను పూసిన దూదితో మూసి, పిదప ఆ దూదిని తీసివేయవలెను. చెవి వెనుక వాపు, ముఖము వంకర, తీవ్రమైన తలనొప్పి, తల తిరుగుట, జ్వరము, వీనిలో ఏది చీముతో కలసి వచ్చినను అది ఆనాడే ఆసుపత్రికి పోవలసిన స్థితి. చెవిలో పెద్దలు వేయదగినది మంచి మాట ఒక్కటే యని ఆ వైద్యుడు నవ్వుచు చెప్పెను.

చూపించుకొనుటకు ధనికులే కానక్కరలేదు. నగరమున కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కలదు. అది ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధమైనది. చెవుడును నివారించుటకు దేశమున జాతీయ కార్యక్రమము 2007లో ఆరంభమైనది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ బడులలోను పిల్లలకు పరీక్షలు చేయుదురు. పుట్టుచెవుడును కనుగొనుట అందొక భాగము. పుట్టిన బిడ్డ వినుచున్నదో లేదో మొదటి నెలలలోనే నిద్రించుచుండగా యంత్రముతో పరీక్షింపవచ్చును. మాటలు నేర్చు వయసు దాటకముందే తెలిసినచో, వినికిడి యంత్రమో, కాక్లియర్ ఇంప్లాంటో అమర్చి ఆ బిడ్డకు మాట నేర్పవచ్చును. ప్రపంచమున 43 కోట్లకు పైగా ప్రజలకు వినికిడి లోపమునకు సహాయము కావలసియున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఏటేటా మార్చి 3వ తేదీని ప్రపంచ వినికిడి దినముగా జరుపుచున్నారు.

ఇక ఆ నలుగురి సంగతి. తండ్రిగారి రెండు చెవులలోను గుబిలి బిరడాలు ఉండెను. తీసిన పిదప సగము తేలికపడెను. మిగిలినది వయసు లోపమని తేలి వినికిడి యంత్రము వ్రాసియిచ్చిరి. అది పెట్టుకొన్న మొదటినాడు ఆయన కోడలిని పిలిచి, “ఏమమ్మా, ఫ్యాను ఇంత చప్పుడు చేస్తున్నదా?” అని అడిగిరట. చాదస్తమను మాట ఆ ఇంటిలో మరల వినబడలేదు. మిత్రునికి సన్నని ధ్వనుల యందు వినికిడి కొంత తగ్గినది. అది తిరిగి రాదు. ఇక ముందు పోకుండ కాపాడుకొనుటకు, ధ్వనిని సగమునకు కొంచెము మించి పెట్టరాదనియు, గంటకొకసారి చెవులకు విరామమీయవలెననియు నియమము పెట్టిరి.

బాలుని భేరి వెనుక నీరున్నది. ముక్కు వెనుక గ్రంథులు పెరిగియున్నవి. మూడు నెలలు వేచి చూతమనియు, తగ్గనిచో చిన్న శస్త్రచికిత్స చేయవచ్చుననియు వైద్యుడు చెప్పెను. అంతవరకు బడిలో మొదటి బల్లపై కూర్చుండబెట్టుమని ఒక చీటి వ్రాసియిచ్చెను. ధ్యాస లేదని బడి నుండి వచ్చిన చీటికి అది తగిన జవాబు.

రాతి పని చేయు యువకుని చెవిలో కనబడినది రెండవ రకపు చీము, వాసన గలది. వైద్యుడు దీపమార్పి కొంతసేపు మాటలాడలేదు. పిదప కోఠి ఆసుపత్రికి చీటి వ్రాసెను. ఒక దినపు కూలి పోవునని ఆ యువకుడు వెనుకాడెను. మా మిత్రుడు రెండు మారులు విచారించి, మూడవమారు సెలవు పెట్టి తానే వెంటబెట్టుకొని పోయెను. శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయమైనదని మాకు జాబు వచ్చినది. ముఖము వంకరపోక ముందే, మెదడునకు ప్రాకక ముందే, అతని చెవిని ఒకరు చూచిరి.

శ్రోతలకు మా మనవి ఇది. నేడు ఈ ప్రసంగమును విన్న పిదప, లేక ఈ పుట చదివిన పిదప, మీ ఇంటి రేడియో మరను ఎవరు ఎంత త్రిప్పుచున్నారో ఒకమారు గమనింపుడు. పిలిచిన పలుకని బిడ్డను కోపగించుటకు ముందు, వెనుక నుండి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడుడు. మీ మేడకు రాళ్ళు మోయువాని చెవిలో దూది కనబడినచో ఎందులకని అడుగుడు. చెవి బాధ చాలమారులు చూచిన తెలియునది, తెలిసిన మానునది. చూడకయే విడిచినదానికే భయపడవలెను.